మూడో నెల, పదో తేదీ

బుసాన్
1982 జనవరి 18

పెద్దమ్మా,

ఎండు నెత్తళ్ల పొట్లం అందింది. హాస్టల్ మెట్ల దాకా వాసన కొట్టేసరికి నర్సులంతా గిన్నెలు పట్టుకుని నా గదికి వచ్చేశారు. నాకు మిగిలింది గుప్పెడు. నువ్వు అల్లి పంపిన మేజోళ్లు మాత్రం ఎవరికీ ఇవ్వలేదు. ఇక్కడ బకెట్లో నీళ్లు పొద్దున్నకి పైన గడ్డ కట్టి ఉంటున్నాయి.

నిన్నొకటి అడగాలని పది రోజులుగా కాగితం తీస్తున్నాను, మళ్లీ మడిచి పెట్టేస్తున్నాను.

మా పిల్లల వార్డుకి కొత్తగా ప్రొఫెసర్ మెంగ్ అని ఒకాయన వచ్చారు. వచ్చీరాగానే చేసిన మొదటి పని, కేసు కాగితాల మొదటి పేజీ మీద అట్టముక్క పిన్ను చేయించడం. తల్లి ఆఖరుసారి బయట చేరిన తేదీ, నొప్పులు మొదలైన తేదీ, అన్నీ ఆ అట్ట కిందే ఉండాలి. మేం బిడ్డని పట్టుకుని చూసి, చెవి మడిచి వదిలి, అరికాలి గీతలు చూసి, ఎన్ని వారాల బిడ్డో రాసి సంతకం పెట్టాకే అట్ట ఎత్తాలి. నిరుడంతా నేను వేసిన లెక్క తల్లులు చెప్పిన తేదీతో వారం కూడా తేడా రాలేదు. నీ చెయ్యి బంగారం అనేవాళ్లు అందరూ. అట్ట పెట్టిన మొదటి వారంలోనే ఒక బిడ్డకి మూడు వారాలు, ఇంకో బిడ్డకి నాలుగు వారాలు తప్పు రాశాను. ఆయన కోప్పడలేదు. "ఇన్నాళ్లూ మీరు కాగితాన్ని చూసి బిడ్డలో అదే వెతుక్కున్నారు, డాక్టర్ తక్" అన్నారు.

ముప్పై ఏళ్లుగా ఆ దీవిలో పుట్టిన ప్రతి బిడ్డా ముందు పడింది నీ చేతుల్లోనే. అరికాలు చూసి నెలలు చెప్పడం నాకు పదకొండో ఏట నేర్పింది కూడా నువ్వే. అందుకని నిన్నే అడుగుతున్నాను. ఎనిమిదో నెలలో పుట్టిన బిడ్డని నెలలు నిండిన బిడ్డ అని నమ్మే వీలుందా? చెయ్యి తిరిగినవాళ్లు కూడా అలా పొరబడతారా?

ఇది ఎవరి చెవినా వెయ్యకు. ఎందుకని కూడా అడక్కు.

నీ మేజోళ్లు వేసుకునే రాస్తున్నాను.
యోన్‌సిల్

•

దీవి నుంచి
పన్నెండో నెల ఇరవై తొమ్మిది

ఏమే యోన్‌సిల్,

నీ ఉత్తరం చదువుతూ పొయ్యి సంగతి మరిచిపోయాను. అన్నం కుండ మాడబెట్టాను. ఎనిమిదో నెల బిడ్డ, నెలలు నిండిన బిడ్డ అని చుట్టూ తిప్పి అడిగినవాళ్లు ఈ దీవిలో నాకు ఇద్దరు తెలుసు. ఇద్దరికీ పెళ్లయి అప్పటికి ఆర్నెల్లు. నువ్వు మాట తలకిందులు చేసి అడిగినంత మాత్రాన నాకు తెలియదనుకున్నావా? ఎవడే వాడు? ఆ మెంగ్ గారేనా? పెళ్లాం ఉందా? ఉన్నదున్నట్టు రాయి. మీ అమ్మ పోతూ పోతూ నిన్ను నా ఒళ్లో పెట్టింది, ఆ సంగతి గుర్తుపెట్టుకుని రాయి. నేను తిడతాను, తిట్టి ఊరుకుంటాను. ఆ తరవాత ఏం చెయ్యాలో చూద్దాం.

సర్కారు వారి కొత్త సంవత్సరం మీకు పట్నంలో ఎప్పుడో అయిపోయిందిగా. మాకు ఎల్లుండి. పెద్దల ముందు పెట్టడానికి బియ్యప్పిండి బిళ్లలు కోస్తూ కోస్తూ లేచి వచ్చి ఇది రాస్తున్నాను.

ఇక్కడ మనశ్శాంతి లేదు. నేను చీటీ రాసిచ్చి నీ దగ్గరికి పంపిన ఒక్‌బున్ సంగతి తెలుసుగా. నీ చేతుల మీదే పుట్టి మూడో రోజుకి పోయాడు ఆ పిల్లాడు. మగబిడ్డ అని టెలిగ్రాం రాగానే దాని అత్త, ఆ సాచొన్ ఊరి ఆవిడ, గుమ్మానికి గడ్డితాడు కట్టి ఎర్ర మిరపకాయలు గుచ్చింది. రెండు రోజులకి తనే తెంపింది. అంతవరకు పాపం అనుకున్నాం. తరవాత మీ ఆసుపత్రి కాగితం తెచ్చి చదవమంది. నెలలు నిండిన శిశువు, బరువు తక్కువ అని రాసుంది. చదివాను. ఆవిడ వేళ్ల మీద లెక్కేసింది. కొడుకు సముద్రం మీంచి వచ్చింది మూడో నెల పద్దెనిమిదిన, బిడ్డ పుట్టింది పదకొండో నెల ఆరున. ఎనిమిది నెలలైనా లేవు. సరిగ్గా చదివావా అని నన్ను మూడుసార్లు అడిగింది. రాసింది మా యోన్‌సిల్, దానికి చూడటం నేర్పింది నేను అని చెప్పాను. నాకు కూడా ఎనిమిదో నెల అనే చెప్పింది ఆ పిల్ల. నిజమే అనుకుని పడవెక్కించాను. నా కళ్లల్లో కారం కొట్టింది.

కొడుకేమో మళ్లీ ట్యూనా పడవలో ఎక్కడో దక్షిణాన ఉన్నాడు. అత్త దానికి బాలింతకి పెట్టే నాచు పులుసు కూడా పెట్టడం మానేసింది. అది నోరు తెరిచి ఒక్క మాట అనదు. తినదు.

నీ సంగతి ముందు రాయి. పీతలు, బాతు మాంసం తినకు, కడుపులో ఉన్నదానికి పడవు.

కోపంతోనే, కానీ నీ మీద ప్రాణంతోనే,
పెద్దమ్మ జోమ్‌రే

•

బుసాన్
1982 ఫిబ్రవరి 1

పెద్దమ్మా,

నా కడుపులో ఎవరూ లేరు. ప్రొఫెసర్ మెంగ్‌కి అరవై రెండేళ్లు, నవ్వితే కట్టుడు పళ్లు జారతాయి. ఇక ఆ బెంగ వదిలెయ్యి.

సాచొన్ ఆవిడకి నా మాటగా చెప్పు, ఆ కాగితం పట్టుకుని ఎవరినీ ఏమీ అనొద్దని. అరికాలు చూసి చెప్పే లెక్క గడియారం చూసి చెప్పినట్టు ఉండదు. అటూ ఇటూ అవుతుంది. చాలా అవుతుంది.

ఇంకొకటి. నీ ఉత్తరం మీద పన్నెండో నెల ఇరవై తొమ్మిది అని వేశావు. పోస్టు ముద్ర మీద జనవరి 23 ఉంది. పదేళ్లుగా నీ ఉత్తరాల మీద ఆ తేదీలు చూస్తూనే ఉన్నాను, ఒక్కసారి కూడా పట్టించుకోలేదు. ఈసారి మంచం మీద కూర్చుండిపోయాను.

ఒక్‌బున్‌కి నువ్వు రాసిచ్చిన చీటీలో, ఆఖరుసారి బయట చేరిన రోజు మూడో నెల పది అని ఉంది. అది ఏ లెక్క? చంద్రుడిదా, సూర్యుడిదా? ఒక్క ముక్క రాస్తే చాలు. దాని గురించి ఇంకెవరితోనూ మాట్లాడకు.

ఒంట్లో బాగానే ఉంది. నిద్ర తక్కువ.
యోన్‌సిల్

•

దీవి నుంచి
మొదటి నెల పదిహేను, పున్నమి

డాక్టరమ్మగారికి,

చంద్రుడి లెక్కే. ఇంకే లెక్క ఉంటుంది? ఈ రేవులో పోటూ పాటూ చూసేది, వల వేసేది, తద్దినం పెట్టేది, నీకు పుట్టినరోజు పులుసు కాచి పంపేది ఏ లెక్కన? చీటీ మీద చంద్రుడని ప్రత్యేకంగా రాయాలా? ఇక్కడి ఆరోగ్య కేంద్రం డాక్టరు ముప్పై ఏళ్లు నా చీటీలు చదివాడు, ఒక్కనాడు అడగలేదు. పట్నం వెళ్లాక నీకు మా లెక్కలు మోటుగా కనిపిస్తున్నాయి కాబోలు. కనిపించనీ. పోలీసువాడిలా ఏ లెక్క, ఒక్క ముక్క రాయి అని అడిగితే మాత్రం నాకు ఒళ్లు మండుతుంది. వాపు ఎంత, రక్తం పోటు ఎంత, అన్నీ మోకాలి మీద పెట్టుకుని రాశాను. పడవవాడు కూత పెడుతున్నాడు, అది నొప్పులకి నా మెడ పట్టుకుని వేలాడుతోంది. ఇంకేం రాయమంటావు?

నీ మనసు నాకు తెలుసు. ఆ పిల్లని చూసి జాలిపడుతున్నావు. రాసిన మాట వెనక్కి తీసుకోవాలని చూస్తున్నావు. ఆ పని చెయ్యకు. ఒకసారి చెయ్యి వేసి చెప్పాక మంత్రసాని మాట మార్చకూడదు. మారిస్తే తరవాత ఎవరూ నమ్మరు. అటూ ఇటూ అవుతుందిట. నీది అయితే ఒక రోజు అవుతుంది, రెండు రోజులవుతుంది, నాకు తెలియదా?

ఇవాళ పొద్దున్న పున్నమి అని అయిదు ధాన్యాల అన్నం వండాను, వాల్‌నట్లు కొరికాను, పన్ను కదిలింది. నీ వాటా పక్కింటి ముసలాయన తిన్నాడు.

రెండో నెల ఒకటిన గాలి దేవత, ఆ గాలి ముసలమ్మ, దిగుతుంది కదా. ఆ రోజుకి ఇల్లు శుభ్రంగా ఉండాలని, ఒక్‌బున్‌ని ఈలోగా పుట్టింటికి పంపేస్తానని సాచొన్ ఆవిడ ఊరంతా చెప్పింది. పంపడమంటే మళ్లీ తెచ్చుకోవడం లేదు. పుట్టింట్లో అన్నా వదినా ఉన్నారు, వాళ్లు గుమ్మం ఎక్కనిస్తారో లేదో తెలియదు. నిన్న బావి దగ్గర కనిపించింది. నన్ను చూసి తల వంచి దణ్ణం పెట్టింది. అలా పెట్టకుండా ఉంటే బాగుండేది.

నిద్ర తక్కువంటున్నావు. పడుకునే ముందు కాళ్లు వేణ్ణీళ్లలో పెట్టు.
నీ మోటు పెద్దమ్మ

•

బుసాన్
1982 ఫిబ్రవరి 16

పెద్దమ్మా,

నేను జాలిపడటం లేదు. భయపడుతున్నాను. ఇది చదువుతూ మధ్యలో లేవకు, చివరిదాకా చదువు.

ఇక్కడ బిడ్డ పుట్టిన గంటలోపు అరికాలికి సిరా పూసి కేసు కాగితం మీద అద్దుతాం, పిల్లలు తారుమారు కాకుండా. ప్రొఫెసర్ మెంగ్ అట్ట పెట్టాక నాకు అనుమానం పట్టుకుంది. నిరుటి కాగితాలన్నీ తీసి, గీతల గురించి నేను రాసిందీ సిరా ముద్రలూ పక్కపక్కన పెట్టి చూస్తూ వచ్చాను. నీకు మొదటి ఉత్తరం రాయడానికి పది రోజుల ముందు ఒక్‌బున్ కొడుకు కాగితం దొరికింది. నా చేతి రాతతో ఉంది, "గీతలు అరికాలంతా, మడమ దాకా." కింద వాడి పాదం ముద్ర. వేళ్ల కింద ఒక్కటే ఒక్క గీత ఉంది, పెద్దమ్మా. మిగతాదంతా నున్నగా ఉంది. నువ్వు నాకు నేర్పావు కదా, గీతలు వేళ్ల దగ్గర మొదలై నెల నెలకీ మడమ వైపు దిగుతాయని. వాడికి ఇంకా దిగలేదు.

నేను కళ్లు మూసుకుని రాయలేదు. దీపం దగ్గరికి పట్టుకుని చూశాను. గీతలు కనిపించాయి. ఒట్టేసి చెప్తున్నాను, కనిపించాయి. లేనివి నాకెలా కనిపించాయో అని నెల రోజులుగా ఆలోచిస్తున్నాను. ఇప్పుడు నున్నగా ఉన్న దేన్ని చూసినా గీతలు కనిపిస్తున్నాయి. ఉడకబెట్టిన గుడ్డు ఒలిచి పట్టుకుని కూర్చున్నాను మొన్న, తినలేకపోయాను.

ఒక్‌బున్ నాతో అంది కూడా. పురిటి బల్ల మీద నా చెయ్యి పట్టుకుని, "ఇంకా టైముంది కదా డాక్టరమ్మా, తొందరగా వచ్చేస్తున్నాడు కదా" అంది. మొదటి కాన్పు వాళ్లు అందరూ అలాగే అంటారని నవ్వాను. నెలలు నిండాయి, భయం లేదు అన్నాను.

నెలలు తక్కువ అని తెలిసుంటే వెచ్చటి గాజు పెట్టెలో పెట్టేదాన్ని. ఆ రోజు ఒక పెట్టె ఖాళీగానే ఉంది. అంత చిన్నవాడికి మింగడం, ఊపిరి తీసుకోవడం రెండూ ఒకేసారి చేతకాదు. ముక్కులోంచి గొట్టం వేసి పాలు పొయ్యాలి. నెలలు నిండి బక్కగా పుట్టినవాడు, పాలు పడితే కోలుకుంటాడని సీసాతో పట్టించమన్నాను. మూడో రోజు మధ్యాహ్నం పాలు ఊపిరితిత్తుల్లోకి పోయాయి.

తప్పు నాది. నీ చీటీకి దీంతో సంబంధం లేదు. కాగితం మీద ఏం రాసున్నా, నేను బిడ్డని చూడాల్సింది. చూడలేదు. నువ్వు సాచొన్ ఆవిడకి ఒక్క మాట చెప్పు, డాక్టరు పొరబడింది, బిడ్డకి నెలలు తక్కువే అని. ఎందుకు పొరబడిందని అడిగితే చిన్న వయసు, తెలివి తక్కువ అని చెప్పు. ఇరవై నాలుగో తేదీ లోపల చెప్పు.

నేనే రావాలి. రాలేకపోతున్నాను. ఆ పిల్ల మొహం చూసే ధైర్యం లేదు.
యోన్‌సిల్

•

దీవి నుంచి
మొదటి నెల ఇరవై తొమ్మిది, మీ లెక్కన ఫిబ్రవరి 22

తల్లీ,

నీ ఉత్తరం ఇవాళ పడవలో వచ్చింది. మొదట చదివినప్పుడు నిన్ను తిట్టాను. గట్టిగానే తిట్టాను, పక్కింటి ముసలాయన గోడ మీంచి తొంగి చూశాడు. లేని గీతలు కనిపించడమేమిటి, చదువు ఎక్కువై కళ్లు పోయాయా అని.

తరవాత నీ రెండో ఉత్తరం గుర్తొచ్చింది. ఏ లెక్క అని ఎందుకడిగింది ఇది అనుకున్నాను. గోడ మీద రెండు లెక్కలూ ఉండే క్యాలెండరు ఉందిగా, చేపల సంఘం వాళ్లు ఇచ్చింది, పోయినేటిది బియ్యం డబ్బా వెనక దొరికింది. మా మూడో నెల పది, మీ ఏప్రిల్ పధ్నాలుగు. నువ్వు మార్చి పది అనుకున్నావు. అయిదు వారాలు. బఠాణీలు పరిచి లెక్కపెట్టాను, తప్పేమో అని మళ్లీ లెక్కపెట్టాను.

నువ్వు నా తప్పు దాచాలని చూశావు. చీటీకి సంబంధం లేదని రాశావు. నాకు అబద్ధాలు చెప్పకే, నీకు చిన్నప్పట్నుంచీ చేతకాదు. నా రాత చూశావు. పెద్దమ్మ రాసిందంటే అంతే అనుకున్నావు. ఆ తరవాత నీకు పాదం కనపడలేదు, నా రాత కనపడింది.

నేనేం చేశాను? ఎనిమిదో నెల అని నాకు తెలుసు. నా చేత్తో పొట్ట తడిమి చూశాను, చిన్న పొట్ట, ఎనిమిదో నెల పొట్ట. అదే నా చేతికి తెలిసింది. నీ కాగితం రాగానే నా చెయ్యి అబద్ధం చెప్పింది అనుకున్నాను, ఆ పిల్ల అబద్ధం చెప్పింది అనుకున్నాను. నువ్వు రాశావు కదా అని. నువ్వు నన్ను నమ్మావు, నేను నిన్ను నమ్మాను, ఆ పిల్లని ఇద్దరిలో ఒక్కరమూ నమ్మలేదు. చీటీలో ఎనిమిదో నెల అని రెండు మాటలు రాసుంటే సరిపోయేది. పడవ కూత పెడుతోందని రాయలేదు.

డాక్టరు తెలివి తక్కువదని చెప్పి రమ్మన్నావు. అలా చెప్పను. ఉన్నది చెప్తాను. రేపు పొద్దున్నే వెళ్తాను. ఎల్లుండి పంపేస్తున్నారు దాన్ని.

నాకూ భయంగానే ఉంది. అరవై ఏడేళ్లు వచ్చాయి, తప్పు ఒప్పుకోవడానికి ఒకరి గుమ్మం ఎక్కడం ఇదే మొదలు.

పెద్దమ్మ

•

దీవి నుంచి
రెండో నెల రెండు, మీ లెక్కన ఫిబ్రవరి 25

యోన్‌సిల్,

వెళ్లాను. అంతా రాస్తాను, దాచకుండా రాస్తాను, నువ్వూ దాటెయ్యకుండా చదువు.

గుమ్మం పక్కనే మూట కట్టి పెట్టి ఉంది. సాచొన్ ఆవిడ వసారా కడుగుతోంది. రండి, మీ చల్లటి చేతుల పుణ్యాన మా ఇంటికింత జరిగింది అని దెప్పింది. కూర్చోమనలేదు. నేను క్యాలెండరు వసారా మీద పరిచాను. ఒక్‌బున్ వంటింటి తలుపు దగ్గర నించుంది, లోపలికీ పోలేదు, బయటికీ రాలేదు.

చెప్పాను. చంద్రుడి తేదీ రాశాను, లెక్క పేరు రాయలేదు, మా పిల్ల దాన్ని సూర్యుడి తేదీ అనుకుంది, ఆ తేదీ చూసి బిడ్డలో లేనివి చూసింది, ఆ కాగితం నేను మీకు చదివాను. బిడ్డకి నెలలు నిండలేదు. మీ అబ్బాయి వచ్చాక కడుపులో పడ్డవాడే. అంతా ఒక్క ఊపులో చెప్పేశాను.

"ఆ రోజు నువ్వే కదా చదివి చెప్పావు" అంది ఆవిడ.

"చదివింది నేనే. అలా రాయడానికి కారణం కూడా నేనే" అన్నాను.

ఆవిడ వేళ్ల మీద లెక్కేసుకుంది. ఒకసారి కాదు, నాలుగుసార్లు వేసుకుంది. చీపురు కింద పెట్టింది. వెళ్లి ఆ మూట విప్పడం మొదలుపెట్టింది. ముడి రాలేదు, పళ్లతో లాగింది. ఏడుస్తోంది. నా మనవడే, నా మనవడే, తాడు తెంపేశానే అంటోంది. నాకు కాస్త ఊపిరి వచ్చింది, తల్లీ. ఒప్పుకుంటాను. పని అయిపోయింది, ఇక ఆ పిల్ల బతుకు నిలబడింది అనుకున్నాను.

ఒక్‌బున్ మాత్రం మూట వంక చూడలేదు. నా దగ్గరికొచ్చి కూర్చుంది.

"ఎన్ని వారాలు?" అంది.

"ముప్పై మూడు."

"ముప్పై మూడు వారాలకి ఎంత బరువుండాలి?"

"కిలో తొమ్మిది వందలు. రెండు కిలోలైతే బాగా ఉన్నట్టు."

"వాడు కిలో తొమ్మిది వందల యాభై."

"అవునమ్మా."

"అంటే వాడు బక్కగా లేడు."

"లేడు."

"సరిగ్గానే పెరిగాడు."

"సరిగ్గానే పెరిగాడమ్మా" అన్నాను.

అప్పుడు చెప్పింది. ఎవడి బిడ్డ అని అత్త అన్న మాటలు దాని మనసుకి ఎక్కనే లేదట. అవి అబద్ధమని దానికి తెలుసు కదా, వాటి గురించి ఏడవడమెందుకంది. మీ కాగితంలో బరువు తక్కువ అని ఉందిగా, దాని మీదే ఇన్నాళ్లూ కూర్చుందట. వాంతులని వదిలేసిన ప్రతి పూట భోజనం లెక్కపెట్టుకుంటోందట. ఏ రోజు చిలగడదుంప సగం తిని పారేసిందో, ఏ రోజు గంజి తాగలేకపోయిందో, అన్నీ. కడుపులో ఉన్నవాణ్ణి నేనే మాడ్చి చంపాను అనుకుంటూ ఉందట, అందుకే అన్నం నోటి దాకా వస్తే చెయ్యి ఆగిపోయేదట. తల నిమరబోతే పక్కకి జరిగింది. అత్త వైపు తిరిగి, "విన్నారా అత్తయ్యా, వాడు సరిగ్గానే పెరిగాడు" అంది. అలా అంటున్నప్పుడు దాని మొహంలో వెలుగు చూశాను. కాసేపే.

తరవాత మెల్లిగా నా వంక చూసింది.

"అయితే బతకాల్సినవాడే" అంది.

ముప్పై ఏళ్లలో ఎంతమంది తల్లులకి ఎన్ని చెప్పానో, అలాగే ఇదీ చెప్పబోయాను.

"మీరు చెప్పకండి" అంది. "ఆవిణ్ణి వచ్చి చెప్పమనండి. ఇంకా టైముంది కదా అంటే నవ్వింది. వాణ్ణి నాకంటే ముందు ఎత్తుకున్నది ఆవిడ. నేను రెండుసార్లే ఎత్తుకున్నాను. వాడు ఎలా ఉన్నాడో, ఏం చూసిందో, ఏం చూడలేదో, ఆవిడ నోటితో వినాలి. తిట్టను. వినాలి అంతే."

ఇక మీరు వెళ్లండి అంది. వచ్చేశాను. వెనక సాచొన్ ఆవిడ పొయ్యి మీద నాచు పులుసు పెట్టిన వాసన వచ్చింది. తిందో లేదో తెలియదు, అడగడానికి నాకు మొహం చెల్లలేదు.

నిన్న గాలి ముసలమ్మ దిగిన రోజు. గాలి బాగా కొట్టింది, పడవలు కదల్లేదు. ఇంకో నాలుగు రోజుల్లో తగ్గుతుందంటున్నారు.

నిన్ను రమ్మనడం లేదు, రావద్దనడం లేదు. అది అన్నది రాశాను.

పెద్దమ్మ

•

బుసాన్
1982 మార్చి 2

పెద్దమ్మా,

శనివారం పొద్దుటి పడవకి వస్తున్నాను. కేసు కాగితం మీద ముప్పై ఎనిమిది కొట్టేసి ముప్పై మూడు అని రాసి, ఈనాటి తేదీ వేసి సంతకం పెట్టాను. ప్రొఫెసర్ మెంగ్ చూశారు. ఉద్యోగం సంగతి పెద్దలు కూర్చుని తేలుస్తారట, తేల్చనీ.

రేవు దగ్గరికి రాకు. నిన్ను చూస్తే నీ వెనకే ఇంటికి వచ్చేస్తాను. ముందు వాళ్ల గుమ్మానికి వెళ్తాను.

వాడికి జుట్టు బాగా ఉంది, నల్లగా, మెడ దాకా. వీపు మీద నూగు ఉంది. వేలు పెడితే పట్టుకున్నాడు, కాసేపు వదల్లేదు. ఇవన్నీ చూశాను, కాగితం మీద రాయడానికి గడి లేదని రాయలేదు. అవన్నీ ఆమెకి చెప్తాను. ఆ తరవాత ఆమె అడుగుతుంది. బతికేవాడని చెప్తాను.

యోన్‌సిల్